చెప్పుల దగ్గర చోటు

పక్కింటి శివమ్మ అన్నదట, జైపాల్ బిడ్డ బడిలో లెక్కల పీరియడ్ పొడుగునా చెప్పుల దగ్గరే కూర్చుంటుందని. అన్నది పిల్ల తల్లి డెబోరాతో కాదు. నల్లా కింద బిందె పెట్టి, పై పోర్షన్‌లో ఉండే ఒడిశా ఆవిడతో అన్నది. ఆవిడకు తెలుగు సగమే వచ్చు. అందుకని శివమ్మ చేతులు తిప్పి, గొంతు పెంచి, మధ్యలో తనకొచ్చిన హిందీ కలిపి చెప్పింది. దాంతో ఇస్నాపూర్‌లో ఆ సందంతా విన్నది.

"నేను సూడలే అమ్మా, నా ఆడబిడ్డ చెప్పింది" అన్నదట. ఆ ఆడబిడ్డ అదే బడిలో ఆయా. "ఆ పిల్లను టీచరమ్మ ఏ గుంపుల కలుపదట. పోరగాండ్లంత శేషమ్మా శేషమ్మా అంటరట. తల్లి కంపెనీల పొద్దంత గోలీల డబ్బాలు కడ్తది, బిడ్డకు మూడు మూళ్ళు ఎన్నో రాదట. ఆటో తోలేటోనికి గంత పెద్ద బడి ఎందుకు చెప్పు?"

పాశమైలారంలో మందుల కంపెనీ ప్యాకింగ్ నుంచి సాయంత్రం దిగి వచ్చిన డెబోరాకు ఈ మాట మెట్ల దగ్గరే ఎదురైంది. ఆవిడ శివమ్మ గడపకు పోలేదు. లోపలికి వచ్చి, డబ్బాలోంచి చింతగింజలు గుప్పెడు తీసి గచ్చు మీద పోసింది.

"నిస్సీ, ఇటు రా. పన్నెండు గింజలున్నయి. మూడేసి పెట్టు."

నిస్సీ మూడో తరగతి. చకచకా నాలుగు కుప్పలు పెట్టింది. తల్లి కుప్పలు చెరిపి ఇంకో గింజ వేసింది.

"ఇప్పుడు పదమూడు. మూడేసి పెట్టు."

నాలుగు కుప్పలు మళ్ళీ వచ్చాయి. "నాలుగు" అన్నది నిస్సీ. మాట కొంచెం ముద్దగా వచ్చింది.

"ఎన్ని మిగిలినయి?"

"ఏం మిగలలే."

"పదమూడు పోసిన గదనే! సరిగ్గ సూడు."

"ఏం మిగలలే మమ్మీ."

పొద్దున్నుంచి నిలబడి ఉన్న కాళ్ళు, మెట్ల మీద విన్న మాట, రెండూ కలిసి డెబోరా చేతిలోకి వచ్చాయి. చెంప మీద ఒక్కటి వేసింది. నిస్సీ నోట్లోంచి చింతగింజ టప్పున గచ్చు మీద పడి, మంచం కిందికి దొర్లింది.

తల్లీ బిడ్డా ఇద్దరూ దాన్నే చూశారు. తర్వాత నిస్సీ మంచం కిందికి పాకి, ఆ గింజను తీసుకొచ్చి, ఒక కుప్పలో కలిపేసింది. ఆ కుప్పలో నాలుగయ్యాయి. "దాన్ని ఒక్కదాన్నే ఉంచకు మమ్మీ" అన్నది.

అప్పుడు బయటికొచ్చింది సంగతంతా.

దసరా సెలవుల దాకా వీళ్ళు రుద్రారంలో ఉండేవారు. అక్కడి హాస్టళ్ళకు ఆటోలు ఎక్కువై జైపాల్ బండి పట్టుకుని ఇస్నాపూర్ చౌరస్తాకు వచ్చాడు, పిల్లను ఇక్కడి బడిలో వేశాడు. అప్పటికి మూడో తరగతిలో ముప్పై మంది. నిస్సీతో ముప్పై ఒకరు.

లెక్కలు చెప్పే నాగేశ్వరి టీచర్ భీమవరం వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త నరసింహమూర్తి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరై పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్నాడు. టీచర్ చెప్పే పద్ధతి మంచిదే, కాదనడానికి లేదు. గుణకారం, భాగహారం బోర్డు మీద చెప్పదు. పిల్లల్నే లేపి నిలబెడుతుంది. అయిదుగురేసి నిలబడండి, ఎన్ని గుంపులు? ఆరు గుంపులు అయిదేసి మంది, మొత్తం ఎంత? పిల్లలు అటూ ఇటూ ఉరికి చేతులు పట్టుకుంటారు, నవ్వుతారు, లెక్క ఒంట్లోకి దిగుతుంది.

ముప్పై మందిని రెండేసి విడదీసినా, మూడేసి విడదీసినా, అయిదేసి, ఆరేసి, పదేసి విడదీసినా సరిగ్గా వచ్చేది. ముప్పై ఒకటో పిల్ల వచ్చాక ఆ లెక్కల్లో ఏది వేసినా ఒకరు మిగులుతున్నారు. కొత్తగా వచ్చింది నిస్సీ కాబట్టి మొదటి రోజు మిగిలింది నిస్సీ. "ఈ పిల్ల వచ్చేదాకా నా క్లాసు ఎటు కోసినా సమానంగా ఉండేది" అని నవ్వింది టీచర్. పుస్తకంలో రిమైండర్ అని ఉన్నా, ఆవిడ తన చిన్నప్పటి మాటే వాడుతుంది. "నువ్వు శేషం. అలా పక్కకెళ్ళి కూర్చో."

పక్కన అంటే గుమ్మం దగ్గర. అక్కడ ముప్పై ఒక్క జతల చెప్పులుంటాయి.

రెండో రోజూ నిస్సీయే. తర్వాత టీచర్ చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. గుంపులు అనే మాట వినపడగానే నిస్సీ తనే లేచి పోయి చెప్పుల దగ్గర కూర్చునేది. ఖోఖోలోనూ పిల్లలు ఆమెను కలుపుకోవడం మానేశారు. శేషమ్మ అని పిలవనిది ఒక్క తనుశ్రీ. అదే క్లాసులో ఉన్న పై పోర్షన్ ఒడిశా వాళ్ళ పిల్ల. ఆ మాటకు అర్థం తెలియక పిలిచేది కాదు.

"సప్పుడు చెయ్యకుండ ఏడువు అన్నది టీచర్" అని చెప్పింది నిస్సీ, పెద్ద సంగతేం కానట్టు. "లేకుంటే అందరికి లెక్క తప్పుతదంట."

జైపాల్ వచ్చేసరికి డెబోరా కొంగు బిగించి కూర్చుని ఉంది.

"రేపు డ్యూటీకి పోను. బడి గేటు ముందల ఆమె కొప్పు వట్టుకుంట. ఇస్నాపూర్ మొత్తం సూడాలె."

జైపాల్ అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు. కోపం వస్తే అతనికి మాట తగ్గుతుంది. ఆటో స్టాండులో అందరికీ ఇది తెలుసు. అందుకే కొత్తగా వచ్చినా అతన్ని స్టాండు పెద్దను చేసుకున్నారు.

"నువ్వు పోయి లొల్లి వెడ్తవ్" అన్నాడు చివరికి. "ఆమె రేపు బిడ్డ మీద తీర్చుకుంటది. వద్దు."

"మరేం జేద్దాం? దండం వెడ్దామా?"

"ఆమె పటాన్‌చెరు ఎట్ల పోతది?"

డెబోరా బిగించిన కొంగు వదులు చేసింది.

"రోజు సాయంత్రం నా లైన్లనే నిలవడ్తది" అన్నాడు జైపాల్. "నీళ్ళియ్యి."

ఇస్నాపూర్ చౌరస్తా స్టాండుకు ఒక పద్ధతుంది. వెనక సీట్లో ముగ్గురు, వాళ్ళకెదురు చెక్క మీద ముగ్గురు, డ్రైవర్‌కు ఆ పక్క ఒకరు ఈ పక్క ఒకరు. మొత్తం ఎనిమిది మంది. ఏడుగురితో బండి కదలదు, తొమ్మిదో మనిషిని ఎక్కించరు. ఆడవాళ్ళను డ్రైవర్ పక్కన కూర్చోబెట్టరు. షిఫ్టు వదిలే వేళకు లైను రోడ్డు దాకా పోతుంది. అప్పుడు స్టాండు పెద్ద వేలు చూపిస్తూ ఎనిమిదేసి మందిని కోస్తాడు. అతని వేలు ఎక్కడ మొదలైతే అక్కడి నుంచే లెక్క. ఇంత వరకూ ఆ వేలు ఎప్పుడూ లైను ముందు నుంచే మొదలైంది. బస్సులున్నాయి గానీ సంగారెడ్డి నుంచి నిండి వస్తాయి, చౌరస్తా దాటి ఎక్కడో ఆగుతాయి. నాగేశ్వరి టీచర్‌కు మోకాళ్ళ నొప్పులు, అంత దూరం ఉరికి బస్సు మెట్టు ఎక్కలేదు.

మర్నాడు సాయంత్రం టీచర్ లైనులో మొదటి మనిషి. జైపాల్ లైను చివరికి నడిచి, అక్కడి నుంచి వేలు చూపడం మొదలుపెట్టాడు.

బడి అయిపోయాక నిస్సీ, తల్లి కంపెనీ బస్సు వచ్చేదాకా, తండ్రి ఆటోలోనే కూర్చుంటుంది. ఆ రోజు జైపాల్ ఆమెను పిలిచాడు.

"బిడ్డా, లైన్ల ఇరవై అయిదు మంది. బండికి ఎనిమిది. ఎన్ని బండ్లు?"

నిస్సీ వేళ్ళు ముడిచింది, విప్పింది. "మూడు."

"మూడు బండ్లల్ల ఎందరు?"

"ఎయిట్ త్రీ జా ట్వెంటీ ఫోర్."

"మరి మిగిలింది?"

నిస్సీ లైను వైపు చూసింది. చివర్లో, కాదు, ఇప్పుడు చివరైపోయిన ముందు భాగంలో, గొడుగూ టిఫిన్ సంచీ పట్టుకుని తన టీచర్ నిలబడి ఉంది. నిస్సీ ఆటో మూలకు ఒదిగింది.

"నేను చెప్త" అన్నాడు జైపాల్. "ఒక్కరు. టీచరమ్మా, మీరు జెర పక్కకు నిలవడుర్రి. లెక్కల మిగిలిన్రు."

"అదేమిటయ్యా జైపాల్! నేను అందరికంటే ముందు వచ్చాను కదా?"

"వచ్చిన్రు టీచరమ్మా. కాదంటనా? కానీ బండికి ఎనిమిదే."

ఎక్కిన ఇరవై నలుగురిలో ఎవరూ దిగి న్యాయం అడగలేదు. డ్యూటీ దిగిన మనిషికి సీటు దొరికాక న్యాయం గుర్తుకు రాదు. మళ్ళీ లైను పెరిగేదాకా టీచర్ పంచర్ దుకాణం ముందు, పాత టైర్ల పక్కన నిలబడింది.

ఆ వారమంతా అదే. టీచర్ చివర నిలబడితే వేలు ముందు నుంచి వచ్చేది. మధ్యలో దూరితే "చంటిపిల్లలున్నోళ్ళు ముందుగాల రాండ్రి" అని జైపాల్ లైనే మార్చేవాడు. ఒకరోజు ఇద్దరు టీచర్లను వెంటేసుకొచ్చింది. ఆ ఇద్దరికీ వెనక సీటు దొరికింది. మిగిలింది డ్రైవర్ పక్క సీటు.

"ముందు కూర్చుంటానయ్యా, నాకేం నామోషీ లేదు" అన్నది పాపం.

"స్టాండు రూలు టీచరమ్మా. ఆడోళ్ళను ముందల కూసోవెట్టం. రేపు ఎవలన్న ఏమన్న అంటే?"

బిల్లీ అనే కుర్ర డ్రైవర్‌కు ఇదంతా పెద్ద తమాషా. టైర్ల పక్కన చోటు తుడిచి, "ఇది టీచరమ్మ జాగ, ఎవ్వలు నిలవడొద్దు" అని అరిచేవాడు. మొక్కజొన్న కంకులు అమ్మేవాళ్ళు నవ్వేవారు. ఆ గోలలో బండి లోపలి పిల్లను టీచర్ గమనించలేదు, ఎందుకు నవ్వుతున్నారో ఆవిడకు తెలిసేది కాదు. తెలియకపోవడమే ఎక్కువ బాధగా ఉన్నట్టు, అందరి మొహాల్లోకీ మార్చి మార్చి చూసేది. జైపాల్ ఆ చూపును జాగ్రత్తగా పట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు.

ఎందుకంటే ఇంట్లో డెబోరా అడుగుతుంది. కూర ఏమిటని అడిగినంత మామూలుగా.

"ఇయ్యాల ఎంతసేపు నిలవెట్టినవ్?"

"మూడు బండ్లు పోయినంక ఎక్కిచ్చిన."

"గంతేనా? మొహం ఎట్ల వెట్టింది?"

"చిన్నగ చేసింది."

"ఏడ్వలే?"

"లే."

డెబోరా కంచం ముందుకు జరిపేది. "తిను. రేపు సూద్దాం."

ఆదివారం యేసు గుడిలో పాస్టరు అయ్యగారు శత్రువుల్ని క్షమించడం గురించి చాలాసేపు ప్రసంగం చేశారు. డెబోరా ముసుగు సర్దుకుంటూ విన్నది. బయటికొచ్చాక జైపాల్ ఏమీ అనకముందే, "అయ్యగారి పిల్లలు పెద్దగైన్రు. వాళ్ళు చెప్పుల కాడ కూసోలే" అని తేల్చేసింది.

ఇంకొకటి కూడా జరుగుతోంది. నిస్సీకి లెక్క వస్తోంది. చింతగింజలు నోట్లో దాచుకున్న పిల్ల, ఇప్పుడు తండ్రి అడక్కముందే ఆటో చెక్క మీదికెక్కి లైను లెక్కపెడుతోంది. "డాడీ, ముప్పై ఏడు! నాలుగు బండ్లు, అయిదుగురు మిగుల్తరు." "డాడీ, రెండు బండ్లే ఉన్నయి, పదహారు మందే పోతరు." డ్రైవర్లు ఆమెను అడిగి బండి తీయడం మొదలుపెట్టారు. గొంతు లేచింది. నడుము మీద చెయ్యి వచ్చింది.

అలాంటి ఒక సాయంత్రమే అది జరిగింది. లైనులో ముప్పై ముగ్గురు. నిస్సీ చెక్క మీద నిలబడి, వేలు లైను మీదుగా జరుపుకుంటూ పోయి, టీచర్ దగ్గర ఆపింది.

"నాలుగు బండ్లు. శేషం ఒకటి."

బడిలో ఆ మాట ఎలా పలుకుతారో అచ్చం అలాగే పలికింది, చివర్లో కొంచెం సాగదీసి. బిల్లీ ఈల వేశాడు. టీచర్ పిల్ల వంక చూసింది. తర్వాత జైపాల్ వంక. మళ్ళీ పిల్ల వంక. గొడుగు పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"ఈ పిల్ల నీ కూతురా?" అన్నది జైపాల్‌తో.

"అవును టీచరమ్మా. మీ క్లాసే. ముప్పై ఒకటో పిల్ల."

 టీచర్ తనే నడిచిపోయి టైర్ల పక్కన నిలబడింది. ఆ పూట ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ రాత్రి డెబోరా, "అర్థమైందా ఆమెకు?" అని అడిగి, అర్థమైందని విని, చాలా రోజుల తర్వాత నవ్వింది. ఇన్నాళ్ళూ తమాషాగా ఉన్నది ఆ నవ్వుతో పండగైంది. ఇద్దరూ నిస్సీని దగ్గర కూర్చోబెట్టుకుని, "మళ్ళ అను బిడ్డా, ఎట్లన్నవ్?" అని అడిగి అనిపించుకున్నారు. పిల్ల మళ్ళీ అన్నది. ఇంకోసారీ అన్నది.

తర్వాత నల్లా దగ్గరి నుంచి కొత్త మాట వచ్చింది. ఈసారి శివమ్మ నేరుగా డెబోరాకే చెప్పింది, నోరంతా తెరిచి. "విన్నవా డెబోరా! నా ఆడబిడ్డ చెప్పింది. నీ బిడ్డను టీచరమ్మ మొదటి గుంపుల వెట్టిందట! చెయ్యి వట్టుకొని తీస్కవోయి కూసోవెట్టిందట!"

డెబోరా బిందె నడుముకెత్తుకుని, "వెట్టాలె మరి" అన్నది.

ఆ సాయంత్రం వాన. చౌరస్తా నిండా ఎర్రనీళ్ళు. లారీలు చిమ్ముకుంటూ పోతున్నాయి. డెబోరా కంపెనీ బస్సు దిగి, కొంగు నెత్తిన వేసుకుని స్టాండు రేకుల కిందికి వచ్చింది. రావాల్సిన పని లేదు. ఇంటికి పోయే సందు అటువైపు. చూడాలని వచ్చింది.

నాగేశ్వరి టీచర్ గొడుగు వానకు తిరగబడింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిశాయి. లైనులో నిలబడకుండా నేరుగా జైపాల్ దగ్గరికి వచ్చింది.

"ఆయనకు బీపీ పడిపోయిందట. పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. ఇంట్లో ఒక్కరే ఉన్నారు" అన్నది. "ఇవాళ నన్ను ఎక్కించు. నీకు దణ్ణం పెడతాను."

జైపాల్ డెబోరా వైపు చూశాడు. ఇన్నాళ్ళూ అడిగి అడిగి తెలుసుకున్న మొహాన్ని డెబోరా ఇప్పుడు ఎదురుగా చూస్తోంది. వాన నీళ్ళలో కన్నీళ్ళు కూడా ఉన్నాయి, అది కనపడుతూనే ఉంది. అలా చూడటం తాను అనుకున్నంత బాగా లేదు. అయినా కొంచెం బాగానే ఉంది.

"ఎక్కిచ్చు" అన్నది.

లైనులో ముందున్నది జైపాల్ బండే. ముందు ఇద్దరు మగవాళ్ళు ఎక్కారు, చెక్క మీద ముగ్గురు, వెనక ఇద్దరు. ఎనిమిదో చోటులో నిస్సీ కూర్చుని ఉంది, బడి సంచి ఒళ్ళో పెట్టుకుని.

"దిగు బిడ్డా. టీచరమ్మ కూసుంటది" అన్నాడు జైపాల్.

నిస్సీ కదల్లేదు.

"దిగమంటున్న గద! మమ్మీ వచ్చింది సూడు."

"ఇంక అయిపోయింది బిడ్డా" అన్నది డెబోరా కూడా, మెల్లగా. "ఇగ సాలు."

నిస్సీ సంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వెనక సీట్లో ఆడవాళ్ళు తొందరపడుతున్నారు. వెనకాల బిల్లీ హారన్ కొడుతున్నాడు. టీచర్ ఒక కాలు బండి మెట్టు మీద పెట్టి, ఇనుప కడ్డీ పట్టుకుని, వంగి లోపలికి చూసింది.

"నిస్సీ, నా మీద ఇంకా కోపమేనా తల్లీ? ఆ రోజులు మర్చిపోవే. ఇప్పుడు నిన్ను మొదటి గుంపులోనే కూర్చోబెడుతున్నాను కదా?"

నిస్సీ ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసింది.

"చెప్పుల కాడ ఇప్పుడు తనుశ్రీ కూసుంటది టీచర్."